ముందు వెళ్లిన ఎర్ర లైటు

లంబసింగి, ఆదివారం

అమ్మా, కార్డు చూసి కంగారుపడకు. ఇక్కడ సిగ్నల్ లేక రాస్తున్నాను. ట్రయథ్లాన్ క్యాంపు ప్రాణం తీస్తోంది గానీ బాగానే ఉన్నాను. ఈత, పరుగు ఎలాగో నెట్టుకొస్తున్నాను, సైకిలు మీద ఘాట్ ఎక్కడమే నా వల్ల కావడం లేదు.

నిన్న పొగమంచులో అందరూ నన్ను దాటిపోయారనుకుని, ముందున్న సైకిలు ఎర్ర లైటునే చూస్తూ తొక్కాను. మలుపు దగ్గర అది తిరగలేదు. నేరుగా లోయ మీదికి వెళ్లిపోయింది. బ్రేకు వేసి కేక పెట్టాను. పడిన చప్పుడేమీ వినిపించలేదు. వెనక నుంచి వచ్చిన కోచ్ శేఖర్ సార్, "నీ ముందు ఎవరూ లేరమ్మా, నువ్వే ఫస్టు" అన్నారు. లోయ వైపు తొంగి చూసి, "ఏ రంగు చొక్కా?" అని అడిగారు. నారింజ రంగన్నాను. ఆయన వెంటనే నా సైకిలు వెనక్కి తిప్పేశారు. ఈ రోజు నుంచి ఎవరినీ ఒంటరిగా పంపడం లేదు.

క్యాంపు మాత్రం మానను. నందిగామ సుస్మిత గురువారం ఇక్కడికి వస్తోంది, తనతో నా స్వెటరు పంపు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నాయనమ్మకి నా నమస్కారాలు చెప్పు, ఇది మాత్రం చదివి వినిపించకు. మన పేటలో అమ్మవారి గుళ్లో ఒక దీపం పెట్టించు. ఆ నారింజ చొక్కా అతని పేరు సార్ చెప్పడం లేదు. గోత్రం అడిగితే మనదే చెప్పు.

నీ నీరజ