ముందు గదిలో చిన్నదొర

జూలై 10, సోమవారం

ఈ రోజు నుంచి ఫ్యాక్టరీ లేదు. ఆర్డర్లు తగ్గాయని పోయిన వారమే చెప్పారు. ఇరవై ఏళ్లకు పైగా కృత్రిమ కనురెప్పల వెంట్రుకలు ముడివేశాను. అవి ఏయే దేశాల్లో ఎవరెవరి కళ్ల మీద ఆడుతున్నాయో. నా ట్వీజర్స్ నన్నే ఉంచుకోమన్నారు.

అలవాటుగా తెల్లవారుజామునే లేచాను. లేచి ఏం చేయాలో తోచక మళ్లీ పడుకున్నాను.

జూలై 15

వేళ్లు ఊరుకోవడం లేదు. కూర్చున్న చాప అంచు పీకుతున్నాను. అమ్మ ఉంటే చేతి మీద ఒక్కటి వేసేది. అమ్మ పోయి రెండేళ్లయింది. మా ఆయన కాలిమంతాన్ దీవిలో పామాయిల్ తోటల పనికని వెళ్లి, అక్కడే ఇంకో ఆమెతో కాపురం పెట్టి చాలా కాలమైంది. చాప పీకినా అడిగేవాళ్లు లేరు.

ఫోన్‌లో ఒక వీడియో చూశాను. బాండుంగ్ పట్నంలో ఎవరో కుర్రాడు. చచ్చిన పిట్ట చర్మం ఒలిచి, లోపల కొబ్బరిపీచు ఉండ పెట్టి కుట్టి, మళ్లీ కొమ్మ మీద కూర్చోబెట్టాడు. ఈకలు ట్వీజర్స్‌తో సర్దుతున్నాడు. అతను ట్వీజర్స్ పట్టుకున్న తీరు తప్పు. ఇంకాస్త కింద పట్టుకోవాలి, వేలు వణకదు.

ఆ వీడియో సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాను.

జూలై 23

ముందు గది వర్క్‌షాప్ అయింది. ఇంట్లో మంచి వెలుతురు వచ్చేది అక్కడే. పాత తలుపు ఒకటి కుట్టుమిషన్ స్టాండ్ల మీద పరిచి, ప్లాస్టిక్ షీట్ బిగించాను. అదే టేబుల్. చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాను, నీళ్లలో రెండు చుక్కలు కిరసనాయిల్ వేశాను.

ఐస్‌క్రీం బండివాడు అమ్మేసిన ఫ్రీజర్ దొరికింది. మూత మీద నవ్వుతున్న పెంగ్విన్ బొమ్మ. ప్లగ్ పెట్టగానే గుర్రుమంది. ఇంట్లో నేను కాక ఇంకోటి చప్పుడు చేస్తోంది.

ఆగస్టు 2

వెలిగారం కోసం కంసాలి దుకాణానికి వెళ్లాను. ఇంతెందుకమ్మా, బంగారం పని మొదలుపెట్టావా అన్నాడు. కాదు, పిట్ట చర్మానికి లోపల రుద్దాలి, పురుగు పట్టకుండా అన్నాను.  తూచి, పొట్లం కట్టి, చేతికివ్వకుండా కౌంటర్ మీద పెట్టాడు.

మెడికల్ షాపులో బ్లేడ్లు, గ్లవ్స్. హార్డ్‌వేర్ షాపులో మూడు రకాల తీగ. దూది, దారం. నెత్తురు పీల్చడానికి మొక్కజొన్న పిండి. సెలూన్ మూసేసిన పిల్ల దగ్గర హెయిర్ డ్రయ్యర్. ట్వీజర్స్ సరేసరి.

బాండుంగ్ నుంచి గాజు కళ్లు రావాలి.

ఆగస్టు 6

కళ్లొచ్చాయి. గుడ్లగూబకైతే సరిపోతాయి.

ఆగస్టు 9

మొదటి కౌజుపిట్ట. దాని గురించి రాయను.

ఆగస్టు 30

మూడోది నిలబడింది! మొదటిదాని పొట్ట పగలకోశాను, రెండోదానికి కొవ్వు సరిగా గీకక వాసనొచ్చింది. ఈసారి ఓపిగ్గా గీకి, సబ్బు నీళ్లలో కడిగి, డ్రయ్యర్ పెట్టి ఆరబెడుతుంటే ఈకలు ఒక్కొక్కటే లేచి పొంగాయి. కళ్లకు నల్ల పూసలు పెట్టాను. ఒక కాలు కొంచెం పొట్టిగా వచ్చింది. అయినా ఎక్కడికో పోబోతున్నట్టు ఉంది.

ఎవరినైనా పిలిచి చూపిద్దామని గుమ్మం దాకా వెళ్లాను. వీధిలో ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. లోపలికొచ్చేశాను.

సెప్టెంబర్ 5

వీధి పెద్ద వచ్చాడు. నేను చేతబడి చేస్తున్నానని ఎవరో చెప్పారట. తను నమ్మలేదట, కానీ ఒకసారి చూడాలట. ఫ్రీజర్ తెరిచి చూపించాను. కౌజుపిట్టలు, పక్కన నా చేపలు. కాసేపు చూసి, చేపలు విడిగా పెట్టుకోమ్మా అన్నాడు. టీ పెడితే నిలబడే తాగాడు. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, తన పందెం కోడి ముసలిదైందని, దానికేమైనా అయితే ఎంత తీసుకుంటావని అడిగాడు.

చాలా రోజులకు మా ఇంట్లో రెండు గ్లాసులు కడిగాను.

సెప్టెంబర్ 19

నాకో పని వచ్చింది.

మా పెరటి వెనక రెండిళ్ల అవతల ఉండే దార్యెమ్ అమ్మగారు, మా వాడుకలో బు దార్యెమ్, వచ్చింది. డెబ్బైకి దగ్గర వయసు. ఆమె నోటికి వీధంతా భయం. ఆమె భర్త సన్రేజా జూన్‌లో పోయాడు. ఆయన పెంచిన గువ్వ నిన్న పోయిందట. దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. పేరు దెన్ బాగుస్, అంటే చిన్నదొర.

"పద్దెనిమిదేళ్లు నాతో పోటీ పడి కాపురం చేసిందే ఇది. పొద్దున లేవగానే దానికే దణ్ణం, దానికే పలకరింపు. నాకు కాఫీ అయిందా అన్న మాట తప్ప ఇంకోటి లేదు. నేను ఉండగా ఇది మట్టిలో హాయిగా పడుకుంటుందా? కూర్చోబెట్టు, చూస్తాను" అంది.

నేను కొత్తదాన్నని, ఇప్పటిదాకా కౌజులే చేశానని, గువ్వ చర్మం ఉల్లిపొరలా ఉంటుందని, చిరిగిపోవచ్చని చెప్పాను.

"నా మొగుడు కూడా పెళ్లికి కొత్తవాడే. ఏదో నెట్టుకొచ్చాడు" అంది.

సెప్టెంబర్ 24

ఒలవడం అయింది. ఊపిరి బిగబట్టి చేశాను. చిన్న చిరుగులు, కుట్టేశాను. ఆమె పక్కనే స్టూల్ మీద కూర్చుంది. వద్దన్నా వినదు. నా టేబుల్ ఎత్తు బాగోలేదు, నా టీ నీళ్లలా ఉంది, నా జడ ఎలక తోకలా ఉంది, ఈ కంపులో అన్నం ఎలా దిగుతుంది. ఇవన్నీ ఒక్క సాయంత్రంలో అన్నది. పోయేటప్పుడు మెండోఆన్ బజ్జీల పొట్లం వదిలి వెళ్లింది. ఇంకా వేడిగా ఉంది.

సెప్టెంబర్ 28

రోజూ వస్తోంది. ఈ రోజు ఆలస్యమైతే రెండుసార్లు కిటికీ దగ్గరికి వెళ్లాను.

అక్టోబర్ 1

తీగలు పెట్టి నిలబెట్టాను. కళ్లకు పెట్టిన పూసల చుట్టూ నెయిల్ పాలిష్ వేసి, కంటి చుట్టూ ఉండే బూడిదనీలం తెప్పించాను. మెడ చాచి కూస్తున్నట్టు పెట్టాను. నా పనిలో ఇంత అందమైనది లేదు.

బు దార్యెమ్ వచ్చి వంగి చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఎవరిదే ఇది? నన్నెందుకు చూస్తోంది?" అంది.

అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. అది ఒక్కరోజు కూడా ఆమె మొహం చూడలేదట. గింజలు వేసింది ఆమె, పంజరం కడిగింది ఆమె. ఆమె రాగానే వీపు తిప్పేసి, మెడ ఓరగా పెట్టి గోడను చూసేదట. ఆయన వస్తే మాత్రం తలొంచి కూసేదట. "నాకు నా శత్రువు కావాలి. ఈ మంచిపిట్ట ఎవరికి కావాలి?" అంది. కళ్లు తుడుచుకుని, ఈ మందులు మండుతున్నాయి అంది.

చర్మం ఇంకా తడిగానే ఉంది. తిప్పుతాను, రేపు రండి అన్నాను.

అక్టోబర్ 2

తిప్పాను. మెడ దగ్గర చిరిగింది. గుప్పెడు ఈకలు రాలి టేబుల్ మీద పడ్డాయి.

అక్టోబర్ 3

రాత్రంతా నిద్రలేదు. వేరే గువ్వను మార్కెట్లో కొని, ఆమెకు చెప్పకుండా... అని కూడా అనుకున్నాను. పొద్దున ఆమె రాగానే రాలిన ఈకల గిన్నె చూపించాను. తిడుతుందని నిలబడ్డాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని గిన్నెలోకి చూసి, ఏది ఎక్కడిదో తెలుస్తుందా అంది. తెలుస్తుంది అన్నాను. నిజంగానే తెలుస్తుంది. పొడవు, చార, వంపు. కనురెప్పల వెంట్రుకలు అలాగే వేరు చేసేదాన్ని.

"మరి ఏడుపు మొహం ఎందుకు? అతికించు" అని స్టూల్ లాక్కుంది.

అక్టోబర్ 8

ఒక్కొక్క ఈక. జిగురు, ట్వీజర్స్, దీపం. నేను అతికిస్తుంటే ఆమె తన పెళ్లి గురించి చెబుతుంది. సన్రేజా పోయే రోజు కూడా, గువ్వకు నీళ్లు పెట్టావా అనే అడిగాడట. పెట్టానని చెప్పిందట. పెట్టలేదట. ఆ వెంటనే వెళ్లి పెట్టిందట. తిరిగొచ్చేసరికి ఆయన లేడు.

 ఒక ఈక వంకరగా పడితే తీసి మళ్లీ పెట్టాను.

అక్టోబర్ 20

బాగా ఆరింది. చిన్నదొర వీపు తిప్పుకుని, మెడ ఓరగా పెట్టి కూర్చున్నాడు. ఆమె చుట్టూ తిరిగి చూసి, "అవును, ఇదే పొగరు" అంది. పంజరంలో పెట్టుకుని తీసుకుపోయింది.

అక్టోబర్ 23

రాలేదు.

అక్టోబర్ 29

రాలేదు. పని అయిపోయింది కదా, ఎందుకొస్తుంది. నేనే వెళ్లొచ్చు. ఏ పని మీద వచ్చావంటే ఏం చెప్పాలి? వీధి పెద్ద పుంజు ఇంకా బతికే ఉంది. ఒక పావురాన్ని ఒలిచాను. మధ్యలో ఆపి ఫ్రీజర్‌లో పెట్టేశాను.

నవంబర్ 4

పెరట్లో బట్టలు ఆరేస్తుంటే చూశాను. బు దార్యెమ్ ఇంటి వెనక ఆమె భర్త పాతిన పొడుగాటి వెదురు గడ ఉంది. గువ్వల పంజరాలు ఎండకు, గాలికి అలా పైకి ఎత్తి ఉంచుతారు. ఆమె తాడు లాగుతోంది. పంజరం కీచుమంటూ పైకి వెళ్లింది. లోపల చిన్నదొర.

నీళ్ల దగ్గర ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు. ముసలిదానికి మతిపోయిందట, చచ్చిన పిట్టను ఎండబెడుతోందట. నాకు కోపం వచ్చింది. పిండిన బట్టనే మళ్లీ పిండాను.

నవంబర్ 7

గమనిస్తున్నాను. పొద్దున్నే ఎత్తుతుంది. మబ్బు పడితే చాలు, దించేస్తుంది. ఈ రోజు ఆమె తాడు కడుతూ నా వైపు చూసింది. నేను చెయ్యెత్తాను. ఆమె కూడా ఎత్తింది. అంతే.

నవంబర్ 14

ఆమె ప్రాణంతో ఉంది. ముందు అది రాసుకుంటున్నాను.

మధ్యాహ్నం పెద్ద వాన. కిటికీ మూయబోతూ చూస్తే పంజరం గడ మీదే ఉంది. వానలో ఊగుతోంది. ఆమె అలా వదలదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. పిలిచాను, పలకలేదు. వెనక తలుపు తీసే ఉంది. నీళ్లగదిలో నేల మీద పడి ఉంది. పంజరం ఎత్తి కాళ్లు కడుక్కోడానికి వెళ్లి జారిందట. పొద్దుటి నుంచీ అక్కడే.

నన్ను చూసి మొదటి మాట, "అరిచీ అరిచీ గొంతు పోయిందే. ఈ వీధిలో అందరూ చెవిటివాళ్లేనా?"

నేను వీధిలోకి వెళ్లి అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. నీళ్ల దగ్గర నవ్విన ఆడవాళ్లే మొదట వచ్చారు. వీధి పెద్ద వ్యాన్ తెచ్చాడు.

తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో కాగితం రాస్తూ, మీరు పేషెంటుకు ఏమవుతారు అని అడిగారు. వెనక ఇళ్ల మనిషిని అన్నాను. ఆ గడి ఖాళీగా వదిలేశారు.

నవంబర్ 15

పంజరం దించాను. మెడ మీద ఈకలన్నీ ఊడాయి. తీగ బయటికొచ్చింది.

నవంబర్ 24

ఆపరేషన్ బాగా జరిగింది. ఆమె చెల్లెలి కూతురు లిస్త్యా సెమరాంగ్ నగరం నుంచి వచ్చింది. మంచి పిల్ల. నా చేతులు పట్టుకుని, మీరు లేకపోతే మా పెద్దమ్మ ఏమయ్యేదో అంది. తన దగ్గరికి తీసుకెళ్తోంది. నా ఇంట్లో ఉంచండి, నేను చూసుకుంటాను అని చెప్పాలని నిన్నటి నుంచీ అనుకుంటున్నాను. కారు ఎక్కించేదాకా ఉన్నాను. దిండు సర్దాను. జాగ్రత్త అన్నాను. అంతకంటే రాలేదు.

బు దార్యెమ్ కారు అద్దంలోంచి నన్నే చూస్తోంది.

నవంబర్ 27

పెంగ్విన్ ఫ్రీజర్ గుర్రుమంటోంది. ప్లగ్ తీసేశాను. ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. మళ్లీ పెట్టాను.

డిసెంబర్ 3, ఆదివారం

సెమరాంగ్ వెళ్లొచ్చాను. బస్సులో రోజంతా పోయింది. వొనోసోబో కొండల ఘాట్ రోడ్డులో వాంతి చేసుకున్నాను. ఏమని అడగాలో దారంతా అనుకున్నాను. ఇల్లు చేరేసరికి అంతా మర్చిపోయాను.

ఆమె టీవీ ఎదురుగా మంచం మీద ఉంది. సగమైపోయింది. నన్ను చూసి, "ఇన్నాళ్లకు దారి కనబడిందా?" అంది.

నిలబడే, ఒకే ఊపిరిలో చెప్పేశాను. మా ఇంటికి రండి. ముందు గది ఇస్తాను. నేను ఖాళీగానే ఉన్నాను. నాకూ ఎవరూ లేరు.

ఆమె టీవీ వైపు చూస్తూ ఉంది. "ఆ పిట్టల కంపులో పడుకోమంటావా?" అంది. అన్నీ వెనక వసారాలోకి మారుస్తాను అన్నాను. "వంట నువ్వే చేస్తావా?" అవునన్నాను. "అదొక్కటే ఆలోచించాలి."

చిన్నదొర ఏమయ్యాడని అడిగింది. వానకు పాడైపోయాడని చెప్పాను. కావాలంటే ఇంకో గువ్వను చేస్తాను అన్నాను. "వద్దే. మళ్లీ కొత్తవాడితో మొదటి నుంచీ ఎక్కడ తగువు పడను" అంది. నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

వంటింట్లో లిస్త్యా చెప్పింది. రోజూ ఇంటికి పంపేయమని పెద్దమ్మ పోరుతోందట. నడవలేని మనిషిని ఒంటరిగా ఎలా పంపనని తను బాధపడుతోందట. ఆలోచించి ఫోన్ చేస్తానంది.

డిసెంబర్ 8

ఫోన్ వచ్చింది. ఆదివారం తీసుకొస్తారట.

టేబుల్, ఫ్రీజర్, సామాను అంతా వసారాలోకి చేర్చాను. అక్కడ వెలుతురు తక్కువ. ఇంకో దీపం కొనాలి. ముందు గది మూడుసార్లు కడిగాను. ఇంకా కంపు ఉందో లేదో నా ముక్కుకు తెలియడం లేదు. మంచం తెచ్చాను. నీళ్లగదిలో గోడకు పట్టుకోడానికి ఇనప కడ్డీ బిగించారు.

డిసెంబర్ 10, ఆదివారం

కారు ఇంకా కనబడలేదు. సందు మొదట్లోంచి గొంతు వినబడుతోంది. డ్రైవర్‌ని తిడుతోంది.