బహదూర్‌పురాకు పోయిన తొట్టెల

నమస్తే తనూజక్కా,
లేదక్కా, మా తొట్టెలకు చెదలు పట్టలె. మీరడగలే గని చెప్తున్న. ఫోన్ల మాట్లాడాలంటే నాకు సిగ్గు, అందుకే రాస్తున్న. ఉప్పుగూడల మా దుకాణం నుంచి తొట్టెల కిరాయికి పోక శాన దినాలైంది. గలీల పిల్లలే పుడ్తలేరు. అన్నీ అమ్మేసి, ముసలోళ్లు పట్టుకొని నడిచే స్టాండ్లు పెడ్తనంటుండు మా వైకుంఠం తాత. నాకేమో తొట్టెల పని తప్ప ఏం రాదు. గిప్పుడు తొట్టెల కిరాయికి కావాలని మీ మెసేజ్ వచ్చింది, మస్తు ఖుషీ. శుక్రవారం బహదూర్‌పురాకు, మీ ఇంటికి పంపుతం.
ఇట్లు, తొట్టెల నందు
మరిచిన: పాప ముచ్చట మేం అడగం. తొట్టెలిచ్చేటోళ్లు అడిగితే దిష్టి తగుల్తదని తాత రూలు.

తమ్మీ నందూ,
జర మజ్బూత్‌ది పంపు. మా బంగారం సన్నగ లేదు. నోట్ల పండ్లు లేవు, పాలన్నమే తింటది. పాట పాడందే పండుకోదు.
మీ తనూజక్క
తా.క.: గొలుసులు లావుయి పెట్టు.

అక్కా, దండాలు.
లావు గొలుసులనంగనే నాకు సమజైంది, కవలలు. అడుగుతలేను, నేనే అనుకుంటున్న. గలీ మొత్తానికి చెప్పిన. మా పక్కింటి సక్కుబాయవ్వ మోకాళ్ల నొప్పి మరిచి రెండు టోపీలు అల్లుతుంది. తాత స్టాండ్లు తెచ్చే సేటును ఆగుమన్నడు. పాటలకు అందరం వస్తున్నం.
మీ నందు
మరిచిన: ముగ్గురైతే ముందే చెప్పుండ్రి, అవ్వకు ఊలు తేవాలె.

నందూ,
ఒక్కరే. టోపీ జర పెద్దగ అల్లుమను. రండి, ఇక్కడ పాటలొచ్చినోళ్లు తక్కువ.
తనూజక్క
తా.క.: దువ్వెన గూడ తెండి. జుట్టు నడుముదాంక ఉంది.

అక్కా,
ఇల్లు చేరినం. నవ్వు ఆగుతలేదు. మీరు పరదా తీస్తే తొట్టెల్ల మీ శారదమ్మ నాయనమ్మ, కాళ్లు బయటికి ఏలాడేసుకొని. ముందే ఎందుకు చెప్పలేదంటే "నువ్వడగలే, నేను చెప్పలే" అంటిరి. శారదమ్మవ్వ మాటే నా చెవులల్ల ఉంది: "నేను ఏడో పిల్లను బిడ్డా. అప్పుడు పిల్లలెక్కువై నన్ను తొట్టెల్ల వెయ్యలే. ఇప్పుడు పిల్లలే లేకపాయె. ఖాళీ తొట్టెల నాకియ్యరాదు?"
పాటలు పాడుకుంట సక్కుబాయవ్వ ఏడ్చింది. ఇంటికి రాంగనే నాక్కూడ కావాలన్నది. తాత స్టాండ్ల సేటుకు వద్దని చెప్పి, కొలత టేపు నా చేతుల పెట్టిండు. మంచమంత తొట్టెల చేస్తున్న.
మీ తొట్టెల నందు
మరిచిన: సగం కాంగనే మొదలు తాతే ఎక్కిండు, ఎవ్వరికి చెప్పకుండ్రి. గని మీ గలీల తొట్టెల ఎక్కనోళ్లు ఇంకెవరున్నరు?