అమ్మ టేపుకి అందని ఎత్తు

సోమవారం, ఉదయం 6.15
ఎత్తు 160.1. గుమ్మం పక్కన పెన్సిల్ గీత పెట్టాను. అమ్మ కుట్టుపని టేపు నూట యాభై దాకే ఉంది, పైన మిగిలింది మళ్లీ కొలిచాను. బస్సు డ్రైవర్ ఉద్యోగానికి కావాల్సింది 160. పోయినేడు సాయంత్రం కొలుచుకుంటే 159 వచ్చింది, దరఖాస్తే పెట్టలేదు. ఈసారి పెట్టాను. శనివారం కొలుస్తారు. అదీ సాయంత్రం నాలుగింటికి.

ఉదయం 7.00
పొద్దున ఉన్న ఎత్తు సాయంత్రానికి ఎందుకు తగ్గుతుందో అక్క చెప్పింది. తను ఫిజియోథెరపిస్టు. వెన్నుపూసల మధ్య మెత్తలుంటాయట. వాటిలో ప్రోటియోగ్లైకాన్లు. సీసాలు తోమే బ్రష్షు లాంటివి: మధ్యలో ప్రోటీన్ కాడ, చుట్టూ చక్కెర గొలుసుల కుచ్చు.
"ఆ గొలుసులకి ఒకదానికొకటి పడదు. దూరంగా నిలబడతాయి. మధ్యలో నీళ్లు చేరతాయి" అంది అక్క.
"అచ్చం మీ ఇద్దరిలాగే" అంది అమ్మ.
బరువు పడితే ఆ నీళ్లు మెల్లగా బయటికి పోతాయి. పడుకుంటే మళ్లీ వస్తాయి.

తీర్మానం:
శనివారం దాకా ఏ బరువూ ఎత్తను.
మధ్యాహ్నం గంటసేపు చాప మీద వెల్లకిలా.

సాయంత్రం 4.00
160.0! ఉద్యోగం నాదే.

మంగళవారం, సాయంత్రం 5.00
అమ్మ పొద్దున కిటికీ దగ్గర కుడుతుంది, సాయంత్రం మిషన్ లోపలికి వెళ్లాలి. మోసేది నేను. ఈ వారం ఎత్తనన్నాను.
"ఎందుకే?"
"వెన్నులో నీళ్లు పోతాయి."
"మరి నా వెన్నులో ఏముంది, ఇసుకా?"
నీళ్లు నమిలాను. ఎత్తాను. ఒక్కసారే కదా. 159.5.

బుధవారం
మిషన్ మళ్లీ ఎత్తాను, కానీ మోకాళ్లు వంచి. బట్ట తానులు రెండు మోశాను, కలిపి కట్టారు కాబట్టి ఒకటి కిందే లెక్క. మధ్యాహ్నం చాప మీద పన్నెండు నిమిషాలు. జాకెట్టు కొలతకి వచ్చినావిడ నన్ను దాటుకుని వెళ్తూ "పిల్లకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. 159.3.

గురువారం
కొలవలేదు. టేపు అమ్మ మెడలో ఉంది, అడగబుద్ధి కాలేదు.

శుక్రవారం, సాయంత్రం 6.00
నలభై స్కూలు యూనిఫాంలు. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. 159.0.
ఇక ఈ ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే. బాగా ఏడ్చాను. అమ్మ చూసింది. మిషన్ తనే లోపలికి ఈడ్చుకుంది.

శనివారం, సాయంత్రం 6.30
పొద్దున్నుంచి అమ్మ నన్ను గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. తీరా బయల్దేరితే బస్సు రాలేదు. మూడు స్టాపులు నడిచాను. ఉన్న నాలుగు చుక్కలూ దారిలోనే పోయుంటాయి.
కొలిచినావిడ "నూట అరవై పాయింట్ ఎనిమిది" అంది.
"ఇంకోసారి చూడండి మేడం."
"సరిపోయిందమ్మా. ఇంకేం చూడాలి?"
తిరిగొస్తూ కొత్త టేపు కొన్నాను. అమ్మ టేపు పక్కన పరిచాను. ఇరవై ఏళ్లు లాగీ లాగీ పాతది దాదాపు రెండు సెంటీమీటర్లు సాగిపోయింది. దాంతోనే కొలిచి దాంతోనే కత్తిరిస్తుంది కాబట్టి ఏ జాకెట్టూ తేడా రాలేదు. తేడా వచ్చింది నాకే. కోపం ఆగలేదు.
"పోయినేడు నన్ను ఆపింది ఇదే అమ్మా. ఏడాది పోయింది."
అమ్మ పాత టేపు చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.
"నన్నూ దీంతోనే కొలుచుకున్నానే. నూట నలభై తొమ్మిది అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను" అంది చివరికి.
నా కోపం ఎటు పోయిందో తెలీదు. కొత్త టేపు తీసుకుని గుమ్మం దగ్గరికి రమ్మన్నాను. రెండడుగులు వేసి ఆగిపోయింది.
"ఉండవే. పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నాను. ముందు ఆ నీళ్లు ఎక్కనీ."

రాత్రి 7.10
అమ్మ చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఇంకో ఇరవై నిమిషాలు కదలదట. చాప పరవడానికి చోటు చాలకపోతే మిషన్ ఎత్తి లోపల పెట్టాను.
ఇక రోజూ ఎనిమిది గంటలు డ్రైవర్ సీట్లో. వెన్నుని చూసుకోవాలి. ఏ బరువూ ఎత్తను, మధ్యాహ్నం గంటసేపు చాప. రేపట్నుంచి.