లైటు వేయకుండా తిన్న అన్నం

ఆదివారం రాత్రి, అరసవల్లి

ముప్పై రెండు కిలోలు తగ్గడానికి ఏడాదిన్నర పాటు ఆకలిని శత్రువులా చూశాను. ఇప్పుడేమో కండ పెరగాలంటే బాగా తినమంటాడు జిమ్ కోచ్. అంత సులువా? పొద్దున వెయిట్ మిషన్ కిలో ఎక్కువ చూపించింది. భయపడి మధ్యాహ్నం అన్నం మానేశాను.

సాయంత్రం బరువులెత్తి ఇంటికొచ్చేసరికి ఆకలి ఆపుకోలేకపోయాను. వంటింట్లో లైటు కూడా వేయకుండా, నిలబడే, గిన్నెలోంచి అన్నం చేత్తో తినేస్తున్నాను. అత్త వచ్చి స్విచ్ వేసింది. గిన్నె ఎంగిలి చేశానని తిడుతుందనుకున్నాను. మేనత్తే అత్తగారైన ఇంట్లో ఇంత భయమేమిటో నాకు!

"ఏటే, నీ ఇంట్లో నువ్వే దొంగలాగ తింటన్నావు? ఆకలేస్తే కూకుని తిను."

"మల్లీ లావైపోతానేమోనని బయమేస్తంది అత్తా."

నా జబ్బ పట్టుకుని నొక్కింది. "కొవ్వైతే మెత్తగుంటాది. ఇది కండే పిల్లా. వరి ఉడుపులప్పుడు నాకూ ఉండేది. అప్పుడెంత తిన్నా ఆకలే. పని సేసిన ఒల్లు అడుగుతాది, పెట్టాల."

కంచంలో పప్పన్నం పెట్టి, రెండు గుడ్లు ఒలిచి, నేను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగిన చేయి కదా అని, అత్త జబ్బ నేనూ నొక్కి చూశాను. ముడతల కింద ఇంకా గట్టిగానే ఉంది. నాదానికంటే!

ఆ కిలో సంగతి మాత్రం మనసులో పీకుతూనే ఉంది. రేపు మిషన్ ఎక్కాలా, వద్దా...

రాస్తుంటే మళ్లీ ఆకలేస్తోంది. లైటు వేసుకునే తింటాను.