చెత్తదిబ్బ మీద తొలి సొరకాయ

మేరీ అక్కా,

నీకు అందదని తెలిసే రాస్తున్నాను. భవానీపురంలో మన సందు చివరి చెత్తదిబ్బను ఎత్తించి నువ్వు సొరగింజలు నాటిన చోట, ఇప్పుడు పందిరి నిండా కాయలే! నువ్వు పోయాక సందంతా వంతులేసుకుని బిందెలతో నీళ్లు పోశాం. తొలికాయను మాత్రం నువ్వు లేకుండా కోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. అది తీగ మీదే ముదిరిపోయింది.

ఈరోజు చర్చిలో కోతల పండగ. అందరూ తెచ్చిన తొలిపంటల వేలంలో మేం ఆ కాయనే పెట్టాం. "ఇది కూరకేం పనికొస్తుంది!" అని అందరూ నవ్వారు. "చెత్తలో ఏం కాస్తాయమ్మా?" అని అప్పట్లో నిన్ను వెక్కిరించిన పక్క సందు కరీం భాయ్ లేచారు. ఎవరెంత పాడినా అంతకు పైన పాడి, కాయను చంకన పెట్టుకున్నారు.

"ఏం చేసుకుంటారండీ?" అన్నాను.

"కూరకెవరిక్కావాలమ్మా, గింజలకి! మా సందు చివర కూడా చెత్తదిబ్బ ఉందిగా."

నీ పక్కింటి సుశీల