మిద్దె నేలకు పెట్టిన నూనె

శుక్రవారం, ప్రొద్దుటూరు

మిద్దె మీది టేకు నేల ఇప్పటికే అరిగి పలచబడింది. మిషనుతో గీకకుండా, బాగా కడిగి పైన కొత్త పూత వేస్తానన్నాడు పాలిష్ పనిచేసే మస్తాన్ మామ. నిన్న పరీక్షకని ఒక మూల అరచేతంత వేశాడు. పొద్దున చూస్తే ఉల్లిపొరలా లేచింది.

"ఈడ నూనె ఏమన్నా పెట్టినారా?" అన్నాడు.

మా ఆయన వద్దంటున్నా, మెరుస్తుందని వారం వారం శనగనూనెతో తుడిచింది నేనే. ఆయన పక్కనే ఉన్నాడు.

మామ నా ముఖం చూసి, "పాత మైనం ఉండాదప్పా, ఇంగో దినం కడగల్ల," అని ఆయనకు చెప్పాడు. సాయంత్రందాకా మోకాళ్ల మీదే కూర్చుని తుడిచాడు. ఆ మనిషి చల్లగా ఉండాలి. మా ఆయనకు నేనే చెప్పాలేమో...

పోతూ పోతూ మెట్ల దగ్గర మెల్లగా అన్నాడు: "ఇంగ నూనె కూరలోకే పోసుకోమ్మా."