సీసాలో తేనెటీగ కాళ్లు

పొంతియానాక్ ఆసుపత్రి, బుధవారం

జైతూన్ వాళ్ల నాన్నకి సలాం. ఈ అక్షరాలు నావే, ఎవరిచేతా రాయించలేదు. కుడికంట్లో శుక్లం తీశారు, నిన్న కట్టు విప్పారు.

కోప్పడకండి, ఒక మాట చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ "కంట్లో ఏమైనా వేసుకున్నారా?" అని అడిగితే "అబ్బే, ఏమీ లేదు" అన్నాను. పక్క మంచం ముసలావిడ ఊరుకుందా? "దిండు కింద తేనెసీసా పెట్టుకుంది, రోజూ ఒక చుక్క వేసుకుంటోంది" అని చెప్పేసింది. నాకు ఒళ్లు మండింది. "మా ఆయన తీసే తేనె లాంటిది మా సరస్సు చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు" అన్నాను. డాక్టరమ్మ నవ్వి, "అయితే హాయిగా తినండి అవ్వా. కంట్లో మాత్రం వద్దు, శుక్లం తేనెకి కరగదు" అంది.

కట్టు విప్పగానే ఆ సీసాను కిటికీ దగ్గర పెట్టి చూశాను. అడుగున మూడు తేనెటీగ కాళ్లు, ఒక రెక్క! రెండుసార్లు వడకట్టానని ఏడేళ్లుగా ఒట్లు వేస్తున్నారే! పల్చటి గుడ్డ కొని తెస్తున్నాను.

మనవరాలి కన్ను ఇంకా పుసి కడుతోందా? తమలపాకు నీళ్లతో కడగడం, తేనె వేయడం ఆపేసి నర్సమ్మకు చూపించండి. పడవ కప్పుకి పడ్డ చిల్లు పూడ్చారా? పిల్లలకు నా దీవెనలు.

శనివారం పడవకి వస్తాను. చూపు మందగించినప్పటి నుంచీ, నేను పోల్చుకోవాలని మీరు రేవులో దగ్గుతూ నిలబడేవారు. ఈసారి దగ్గకండి. జనంలో కలిసి ఊరికే నిలబడండి. నేనే వెతుక్కుంటాను.

రుస్మినా